మనవాళ్లు దిగిన నేల

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో అప్పలరాజు ఇంటిపేరుగా ఉన్న కుటుంబాలున్నాయి. అప్పలసామి ఇంటిపేరుగా ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ మాట శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో చెబితే ఎవరికైనా వింతగానే ఉంటుంది. సింహాద్రి అప్పన్న పేరు మనం బిడ్డకు పెట్టుకుంటాం గానీ ఇంటికి పెట్టుకోం. ఎప్పుడో ఓడ దిగిన ముత్తాత పేరు గుమాస్తా పుస్తకంలోకెక్కి, తర్వాతి తరాలకు అదే ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు సముద్రానికి ఆవలే ఉండిపోయింది.

నేను పాలకొండ దగ్గరి పల్లెలో పుట్టి, ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డవాణ్ణి. ఇంటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా పెద్దమ్మ అనే మాట ఒకటుంది: "జాగర్తరా బాబూ, ఆళ్లతో గొడవలెట్టుకోకు." ఆమె మీద నాకు కోపం లేదు. ఆ 'ఆళ్లు' ఎవరో, ఎలాంటి చరిత్ర నుంచి వచ్చారో మన బడి మనకు చెప్పలేదు. ఆఫ్రికా అంటే సహారా ఎడారి, నైలు నది, గాంధీగారిని రైల్లోంచి దింపేసిన స్టేషను. అంతకుమించి నేనూ చదువుకోలేదు. చదవాల్సింది చాలా ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ముందు మనవాళ్ల సంగతి చెబుతాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై రెండు వేల మందిని చెరకు తోటల కోసం డర్బన్ చుట్టూ ఉన్న బ్రిటిష్ వలస నేటాల్‌కు తెచ్చారు. అందులో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రాజధాని వాళ్లే. తమిళ జిల్లాల వాళ్లతో పాటు విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లూ వచ్చారు. తెల్లవాళ్లు చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం అప్పట్లో గంజాంలో ఉండేది. విజయనగరం, బొబ్బిలి, పాలకొండ విశాఖపట్నం జిల్లా కిందికి వచ్చేవి. 1866 కరువు గంజాం పల్లెల్ని ఎలా ఊడ్చేసిందో మనకు తెలిసిందే. రంగం అని మనం పిలిచే బర్మాకు పోయినవాళ్ల కథలు మన ఇళ్లలో ఇంకా వినబడతాయి. నేటాల్ పోయినవాళ్ల కథలు మాత్రం వినబడవు. రంగం నుంచి చాలామంది తిరిగొచ్చారు. ఇక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఉండిపోయారు.

ఆ ఓడల జాబితాలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. మొదట వలస ప్రభుత్వం ఇచ్చిన నంబరు, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. చివర ఒంటిమీది గుర్తులు. మోకాలి మీద మచ్చ, నుదుట గాటు, అలాంటివి. పారిపోతే పట్టుకోవడానికి. ఊరి పేర్లు ఇంగ్లీషు చెవికి తోచినట్టు రాసుకున్నారు. మనవాడైతే తప్ప అది ఏ ఊరో పోల్చలేడు. ఐదేళ్ల గిర్మిట్ ఒప్పందం, మొదట్లో నెలకు పది షిల్లింగుల జీతం. గడువు తీరాక ఉండిపోదామనుకున్న వాళ్లను వెళ్లగొట్టాలని 1895లో ఏడాదికి మూడు పౌన్ల తలపన్ను చట్టం చేశారు. 1913లో వేలాదిమంది కూలీలు సమ్మెకు దిగితేనే మరుసటి ఏడాది అది పోయింది.

ఇక్కడే మన పుస్తకాలు అడగని ప్రశ్న ఒకటి ఉంది. నేటాల్ నిండా స్థానికులైన జులూలు ఉండగా, సముద్రం అవతలి నుంచి కూలీల్ని ఎందుకు తేవాల్సి వచ్చింది? జులూలు సోమరులు కాబట్టి అని తోటల యజమానులు రాసుకున్నారు. నిజం వేరు. వాళ్లకు భూమి ఉంది, పశువులున్నాయి. పరాయివాడి చెరకు నరకాల్సిన అగత్యం వాళ్లకు లేదు. ఆ అగత్యం కల్పించడానికే గుడిసె పన్ను వేశారు. తర్వాత జులూ రాజ్యం మీద యుద్ధానికి వెళ్లారు. 1879 జనవరి 22న ఇసండ్ల్వానా కొండ దగ్గర జులూ సైన్యం బ్రిటిష్ దండును తుడిచిపెట్టింది. తెల్లవాళ్ల వైపు పదమూడు వందల మందికి పైగా చచ్చారు. ఆ ఏడాదే జులూ రాజ్యం కూలిపోయినా, ఆ రోజును ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. బొబ్బిలి యుద్ధం మనకెంతో ఇసండ్ల్వానా వాళ్లకంత.

తర్వాత 1913లో నేలచట్టం వచ్చింది. దేశంలో అత్యధిక సంఖ్యాకులైన నల్లవాళ్లకు దాదాపు ఏడు శాతం భూమి కేటాయించి, దాని బయట కొనకూడదన్నారు. 1936లో ఆ ఏడును పదమూడు దాకా పెంచారు. సీతంపేట, భద్రగిరి వైపు సవరలకు, జాతాపులకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మన 1/70 చట్టం గిరిజనుడి భూమి పరాయివాడి చేతికి పోకుండా ఆపడానికి వచ్చింది. ఇక్కడి చట్టం పరాయివాడు ఆక్రమించిన భూమిని అసలు మనిషి మళ్లీ కొనకుండా ఆపడానికి వచ్చింది. ఆ గాయం ఈనాటికీ మానలేదు. ఇక్కడి రాజకీయాల్లో ఏ మాట కదిపినా చివరికి భూమి దగ్గరికే వస్తుంది.

భూమితో పాటు గతాన్ని కూడా లాక్కున్నారు. నన్ను ఎక్కువ కదిలించింది ఇదే. జింబాబ్వేలో గ్రేట్ జింబాబ్వే అనే రాతి నగరం ఉంది. సున్నం, బంకమన్ను లేకుండా చెక్కురాళ్లను పేర్చి లేపిన ఎత్తైన గోడలు. షోనా ప్రజల పూర్వీకులు సుమారు పదకొండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం మధ్య కట్టారు. 1871లో దాన్ని చూసిన కార్ల్ మౌఖ్ అనే జర్మన్, ఇది షీబా రాణి నగరం అన్నాడు. నల్లవాళ్లు ఇంత కట్టగలరని ఒప్పుకోవడానికి అతనికి మనసు రాలేదు. 1929లో పురావస్తు శాస్త్రవేత్త గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి, ఇది ఆఫ్రికా వాళ్ల కట్టడమేనని తేల్చింది. అయినా అప్పట్లో రొడీషియా అనిపించుకున్న ఆ దేశపు తెల్ల ప్రభుత్వం ఆ మాట పైకి రానివ్వలేదు. నిజం చెప్పిన పురావస్తు శాస్త్రవేత్త పీటర్ గార్లేక్ 1970లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. శ్రీముఖలింగం గుళ్లు మీ తాతలు కట్టినవి కావు, ఎవరో గ్రీకులు వచ్చి కట్టిపోయారు అని మన పిల్లల పాఠంలో రాసి, కాదన్న మాస్టార్ని ఊరు దాటించినట్టు. 1980లో స్వాతంత్య్రం వచ్చినప్పుడు ఆ దేశం ఆ రాళ్ల పేరే తన పేరుగా పెట్టుకుంది. అందులో ఎంత పట్టుదల ఉందో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

దక్షిణాఫ్రికాలోనూ అంతే. డచ్చివాడు వాన్ రీబెక్ 1652లో కేప్‌లో దిగినప్పుడు లోపలి నేలంతా ఖాళీగా ఉందని రంగును బట్టి మనుషుల్ని విడదీసిన అపార్తీడ్ కాలపు పాఠ్యపుస్తకాలు నేర్పాయి. కానీ ఆ 'ఖాళీ' నేలలోనే, మాపుంగుబ్వే కొండమీద రాచసమాధుల్లో బంగారు ఖడ్గమృగం దొరికింది 1930లలో. జానెడు కూడా ఉండదు. పల్చటి బంగారు రేకును చెక్క బొమ్మ మీద సన్నని బంగారు చీలలతో బిగించారు. చెక్క చివికిపోయి రేకు మిగిలింది. సుమారు ఎనిమిది వందల ఏళ్ల నాటిది. అక్కడే దొరికిన గాజు పూసల్లో మన దేశం నుంచి వచ్చినవీ ఉన్నాయి. అంటే మన గిర్మిట్ ఓడలకు ఆరు వందల ఏళ్ల ముందే మన సరుకు ఈ నేలకు తెలుసు. ఖాళీ నేల అన్న కథకు ఆ ఖడ్గమృగం అడ్డు కాబట్టి దశాబ్దాలపాటు జనం కంటపడకుండా ఉంచారు. ఇప్పుడు దేశపు అత్యున్నత పురస్కారం పేరే ఆర్డర్ ఆఫ్ మాపుంగుబ్వే.

ఈ చరిత్రలో మనవాళ్లు ఎప్పుడూ మంచివైపే నిలబడ్డారని నేను చెప్పను. 1949 జనవరిలో డర్బన్‌లో నల్లవాళ్లకూ భారతీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో అధికారిక లెక్క ప్రకారమే 142 మంది పోయారు. ప్రభుత్వం ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పిందన్నది నిజం. దుకాణాల్లో, బస్సుల్లో మనవాళ్లు వాళ్లను చిన్నచూపు చూశారన్నదీ నిజమే. 2021 జులైలో డర్బన్ శివార్లలోని ఫీనిక్స్‌లో మళ్లీ నెత్తురు పారింది. ఈ దూరాన్ని పెంచింది 1950 గ్రూప్ ఏరియాస్ చట్టం. అది అందర్నీ రంగు చూసి విడదీసింది. కేటో మేనర్‌లో కూరగాయలు పండించుకుని గుడి కట్టుకున్న భారతీయుల్ని చాట్స్‌వర్త్‌కు తోలింది, నల్లవాళ్లను వేరే ఊళ్లకు తోలింది. గోడ అవతలివాడి బాధ ఇవతలివాడికి తెలియకుండా చేయడమే ఆ చట్టం చేసిన అసలు పని.

ఆ గోడను మనసుల్లో పడగొట్టినవాడు స్టీవ్ బికో. డర్బన్‌లో వైద్యం చదువుతూ, అణచివేతకు గురైన ప్రతివాడూ నల్లవాడే, భారతీయుడైనా సరే, అని చెప్పాడు. 1977లో పోలీసుల చేతిలో చనిపోయేనాటికి అతనికి ముప్పై ఏళ్లు. అంతకు ఏడాది ముందే, 1976 జూన్ 16న, తమకు పట్టని ఆఫ్రికాన్స్ భాషలో చదవమన్నందుకు సోవెటో పిల్లలు వీధికెక్కి తూటాలకు ఎదురు నిలిచారు. 1996 మే 8న అప్పటి ఉపాధ్యక్షుడు థాబో ఎంబెకి పార్లమెంటులో తాను ఆఫ్రికా వాణ్ణని చెబుతూ చేసిన ప్రసంగం ఇక్కడ అందరికీ తెలుసు. తన పూర్వీకులుగా కోయీలను, సాన్‌లను, తెల్ల వలసదారులను, మలయ్ బానిసలను, జులూ వీరులను తలుచుకుంటూ, భారతదేశం నుంచి, చైనా నుంచి ఓడల్లో తెచ్చిన కూలీలనూ తలుచుకున్నాడు. పాలకొండ నుంచి వచ్చిన అప్పలరాజు కూడా ఈ దేశానికి తాతే అని ఆయన మాటకు అర్థం. ఆ ఏడాదే ఆమోదించిన రాజ్యాంగంలో, గౌరవించి పెంపొందించాల్సిన భాషల జాబితాలో తెలుగు ఉంది. మన రాజ్యాంగంలో తెలుగు ఉండటం మామూలు. ఆఫ్రికా దేశపు రాజ్యాంగంలో ఉండటం మనవాళ్ల చెమటకు దక్కిన గౌరవం.

భాష మాత్రం జారిపోయింది. 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ ఉగాది, భజన, తెలుగు తరగతులు నడుపుతూనే ఉంది. అయినా నాలుగైదు తరాల తర్వాత ఇంట్లో ఇంగ్లీషే. భజన పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. వాళ్లను చూసి జాలిపడే హక్కు మనకు లేదు. ఓడ ఎక్కిన రోజే వాళ్లను మరిచిపోయినవాళ్లం మనం. వాళ్లు తమను దక్షిణాఫ్రికా వాళ్లుగా చెప్పుకుంటారు, తెలుగువాళ్లుగానూ చెప్పుకుంటారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఇమడతాయని నాకు నేర్పింది ఈ నేలే.

మీకు రెండు విన్నపాలు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఎప్పుడైనా నేటాల్ మాట, తిరిగిరాని తాత మాట ఎత్తితే పేరు, ఊరు రాసిపెట్టండి. ఇక్కడి ఓడ జాబితాలో ఆ వరుస ఉండొచ్చు. ఇక రెండోది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా దేశాల పిల్లలు చదువుకుంటున్నారు. వాళ్లెవరైనా అద్దెకు గది అడిగితే తలుపు వేయకండి. ఆఫ్రికా అనేది ఒక్క దేశం కాదు, యాభై నాలుగు దేశాలు. ఏ దేశం నాయనా, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు అని అడగండి. తర్వాత గది ఇవ్వండి.