ఫోర్డు పేరు పోయింది, బండి ఉన్నది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు సెకండ్ హ్యాండ్ ఫోర్డు కారు తక్కువ ధరకు వస్తున్నదంటే అందరు అడిగేది ఒక్కటే: "కంపెనీ ఎత్తిపోయింది గదా, సామాన్లు దొరుకుతయా?" అడగవలసిన మాటనే. పసుపు అమ్మిన పైసలో, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన పైసలో పెట్టే ముందు జర పాత సంగతి తెలుసుకుందాం.

ఫోర్డు మన దేశం విడిచిపోవుడు కొత్త కాదు. 1926ల వచ్చింది, 1950లల్ల మూసుకున్నది. 1995ల మహీంద్రతోని కలిసి మళ్ల వచ్చి, చెన్నై దగ్గర మరైమలై నగర్ల కార్లు చేసింది. ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్ అన్నీ మనం చూసినవే. 2021 సెప్టెంబర్ల ఇక్కడ తయారీ ఆపుతున్నమని చెప్పింది. గుజరాత్ సనంద్ ఫ్యాక్టరీని టాటా కొన్నది.

ఇగ ట్రాక్టర్ కథ సూడుండ్రి. హెన్రీ ఫోర్డు 1917లనే ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ తెచ్చిండు. 1939ల హ్యారీ ఫెర్గూసన్‌తోని కలిసి 9ఎన్ అనే ట్రాక్టర్ చేసిండు. ఇయ్యాల మనం కల్టివేటర్‌ను మూడు చోట్ల తగిలిచ్చి లివర్‌తోని లేపుతున్నమే, ఆ హైడ్రాలిక్ పద్ధతి ఆ బండితోనే ఊరూరికి పాకింది. మన దేశంల 1969ల ఎస్కార్ట్స్ కంపెనీ ఫోర్డుతోని ఒప్పందం చేసుకొని, 1971 నుంచి ఫరీదాబాద్‌ల ఫోర్డు ట్రాక్టర్లు చేసింది. 1990ల మొదట్ల ఫోర్డు తన ట్రాక్టర్ దందాను ఫియట్‌కు అమ్ముకున్నది. ఫోర్డు పేరు పోయింది గని ఫరీదాబాద్ ఫ్యాక్టరీ ఆగలే, ఫార్మ్‌ట్రాక్ పేరుతోని నడిచింది. అందుకే పాత ఫోర్డు 3600కు సామాన్ల కరువు రాలే, మెకానిక్‌ల చేతికి అలవాటు తప్పలే.

కారు సంగతి అట్ల కాదు. సనంద్‌ల ఇప్పుడు తయారయ్యేది టాటా బండ్లు. సర్వీసు, సామాన్లు ఇస్తూనే ఉంటమని ఫోర్డు చెప్పింది, కానీ ఏ సామాను ఎన్ని రోజులకు వస్తదో కొనకముందే అడుగుండ్రి. ఫిల్టర్, బ్రేకు ప్యాడ్లకు ఒక లెక్క. బంపర్, హెడ్‌లైట్, సెన్సర్లకు ఇంకో లెక్క. కోతల టైముల బండి షెడ్డుల నిలవడితే చవుకకు కొన్న లాభం కిరాయిలకే పోతది.

కొనేటోళ్లు మూడు సూడుండ్రి. ఒకటి, ఆ బండి తెలిసిన మెకానిక్ మీకు దగ్గర్ల ఉన్నడా? రెండు, 1.5 డీజిల్ అయితే టైమింగ్ బెల్ట్ మార్చిన రసీదు ఉన్నదా? ఆ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకొని ఇంజన్ ఖరాబైతది. రసీదు లేకుంటే కొత్త బెల్ట్ ఖర్చు ధరల తగ్గిచ్చుకోండ్రి. మూడు, కూలెంట్ కారుతున్నదా?

పాత ట్రాక్టర్ ఉన్నోళ్లు కరిగెట పని అయినంక బురద కడిగి గ్రీజు కొట్టుండ్రి, ఎయిర్ క్లీనర్ సాఫ్ చేయుండ్రి, ఇంజన్ ఆయిల్ టైముకు మార్చుండ్రి.

బానెట్ మీద పేరు ఏదైనా గావచ్చు, దానికి సామాను ఎవలు చేస్తున్నరు, ఎవలు బిగిస్తరు అని అడిగినంకనే బయానా ఇయ్యుండ్రి.