వాకపల్లి పదకొండు మంది

వాకపల్లి పేరు మా తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు చాలామంది వినలేదు. విశాఖ మన్యంలో జి.మాడుగుల మండలంలోని కోందు ఆదివాసుల పల్లె అది. 2007 ఆగస్టు 20న గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని ఆ ఊరి ఆడవాళ్లు పదకొండు మంది పాడేరు వెళ్లి అధికారుల ముందు చెప్పారు. కేసును ఆపడానికి 2017లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు పదముగ్గురు పోలీసులనూ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వాలని కూడా అదే కోర్టు చెప్పింది. అప్పటికి ఇద్దరు చనిపోయారు.

దాదాపు పదహారేళ్లు వాళ్లు మాట మార్చలేదు. దీనికి నాకు తోచిన కారణం ఒకటే. ఒక్కొక్కరినీ నమ్మడానికి పక్కన పదిమంది ఉన్నారు. మన యానాది కాలనీలోనో, సుగాలి తండాలోనో ఒక పిల్లకు ఇలా జరిగితే ఆ పదిమంది ఉండరు. ఉంటే అమ్మో, అక్కో, బడిలో ఒక టీచరమ్మో. పదిమంది పని ఆ ఒక్కరే చెయ్యాలి.

అక్కడ మనం చేసే మొదటి తప్పు ప్రశ్నలే. ‘ఎందుకు అరవలేదు?’ మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ పిల్ల మధుర కేసులో, ఒంటిమీద గాయాలు లేవంటూ 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. దేశంలో ఆడవాళ్లు వీధికెక్కాక 1983లో చట్టం మారింది. మన వాకిట్లో మాత్రం ఆ ప్రశ్న ఇంకా మారలేదు.

‘నీ తప్పు కాదు, నేనున్నాను’ అంటే చాలు, వివరాలు లాగొద్దు. బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో దాచాలి. ఆసుపత్రికి మూడు రోజుల లోపే, వీలైతే ఆ రోజే పోవాలి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా మందులు అప్పుడే పనిచేస్తాయి. కేసు పెట్టకముందే ఏ ఆసుపత్రైనా ఉచితంగా వైద్యం చెయ్యాలి. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లయితే పోలీసులకు తెలపడం మన చట్టబద్ధ బాధ్యత. 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. పెద్దయితే కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పెద్దమనుషులు డబ్బుతో రాజీకి కూర్చుంటే మనం ఆ పంచాయితీకి పోకూడదు.

తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. ఆ రోజుల్లో కూలి పోతుంది, బస్సు చార్జీలు కావాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నమోదైన కేసయితే, ఆమె తనకు నచ్చిన ఒక తోడును కోర్టుకు వెంట తెచ్చుకోవచ్చు. ఆ తోడుకు కూడా దారి ఖర్చులు ప్రభుత్వమే ఇవ్వాలని 1995 నిబంధనల్లో రాసి ఉంది.