శ్రామికుని కుర్చీ: జర్మనీ ప్రాంతీయ శ్రామిక న్యాయస్థానముల చరిత్ర

ధర్మాసనము నెదుట ధనికుఁడును దరిద్రుఁడును సమానులని చెప్పుట సులభము. కాని రావలసిన కూలి రాక న్యాయస్థానమున కెక్కిన శ్రామికునకు వకీలు ఫీజులును వాయిదాలును మోయరాని బరువులు. ఈ చిక్కును తీర్పఁ బూనిన జర్మనీదేశపు పూర్వపు ప్రాంతీయ శ్రామిక న్యాయస్థానముల చరిత్ర మన మెఱుఁగఁదగినది.

ఆ దేశమున 1890లో పరిశ్రమల తగవులకును, 1904లో వర్తకోద్యోగుల తగవులకును ప్రత్యేక న్యాయసభలకు చట్టములు చేయఁబడెను. ఇరుపక్షముల ప్రతినిధులును వానియందు తీర్పరులైరి. కాని ఆ ప్రతినిధుల నెన్నుకొను హక్కు స్త్రీలకు లేదు. ఇంటిపనికత్తె మొఱ యచట చెల్లదు. 1926 డిసెంబరున చేయఁబడి, 1927 జూలై 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన చట్టము ఇంటిపనివారిని, పొలముపనివారిని గూడ తన పరిధిలోనికి దెచ్చెను. స్త్రీలును తీర్పరులు కావచ్చు ననెను. క్రింద స్థానిక న్యాయస్థానములు, నడుమ ప్రాంతీయ న్యాయస్థానములు, పైని లైప్‌జిగ్ నగరమున నున్నత న్యాయస్థానము ఏర్పడెను.

ప్రాంతీయ న్యాయస్థానము అప్పీళ్లను విచారించెడిది. న్యాయశాస్త్రజ్ఞుఁడు అధ్యక్షుఁడు, ఆయన కిరుప్రక్కల యజమానుల పక్షమున నొకరు, శ్రామికుల పక్షమున నొకరు. మువ్వురికిని సమానమగు వోటు. ఈ యిరువురిని ఆయా సంఘము లిచ్చిన జాబితాలనుండి నియమించెడివారు. శ్రామికుని తరఫున వకీలునకు బదులు సంఘప్రతినిధియే వాదింపవచ్చును.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఏప్రిల్ 7వ తేది శాసనముచే యూదులగు న్యాయాధిపతుల తొలఁగింపు మొదలయ్యెను. మే 2వ తేదిని కార్మిక సంఘముల కార్యాలయము లాక్రమింపఁబడెను. 1934 జనవరి చట్టము యజమానుని 'నాయకుఁ'డనియు, శ్రామికులను 'అనుచరు'లనియు పేర్కొనెను. న్యాయస్థానముల తలుపులు మాత్రము మూయఁబడలేదు. మూఁడు కుర్చీలును యథాస్థానముననే యుండెను. కాని శ్రామికుని కుర్చీకి మనిషిని పంపునది శ్రామికుల సంఘము గాదు, పాలకపక్షపు కూటమి.

యుద్ధానంతరము 1946 మార్చి 30వ తేదిని విజేతలగు నాలుగు రాజ్యముల నియంత్రణ మండలి శాసనముచే శ్రామిక న్యాయస్థానములు మరల స్థాపింపఁబడెను. పశ్చిమ జర్మనీలో 1953 నాఁటి చట్టము వానికి స్థిరరూప మొసఁగెను.

ఈ చరిత్ర చెప్పునది యొక్కటియే యని మేము తలఁతుము. దుర్బలునకు న్యాయస్థానమున కుర్చీ వేయుట మేలే. కాని యా కుర్చీలోఁ గూర్చుండువానిని స్వేచ్ఛగా నెంచి పంపఁగల సంఘము బయట జీవించి యుండవలెను. అది నశించిన నాఁడు చట్టము మిగులును, పీఠము మిగులును. న్యాయము మాత్రము మిగులదు.