రెండోసారి తాకిందా, లేదా?

పూల్ ఆటలో మాటా మాటా పెరిగేది తెల్ల బంతి, కొట్టాల్సిన బంతి వెంట్రుకవాసి దూరంలో ఆగినప్పుడు. ఆడేవాడు క్యూ కర్రతో నేరుగా పొడుస్తాడు. రెండు బంతులూ జంటగా దూసుకుపోతాయి. ‘డబుల్ హిట్, ఫౌల్’ అంటాడు అవతలివాడు. ‘ఒక్కసారే తగిలింది’ అంటాడు కొట్టినవాడు. ఇద్దరూ నిజమనుకున్నదే చెబుతున్నారు. క్యూ మొన బంతిని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో ఇంచుమించు వెయ్యో వంతు. ఆ కాస్తలో ఏం జరిగిందో కొట్టిన చేతికీ తెలియదు, చూసిన కంటికీ తెలియదు.

రెండో దెబ్బలాగే, మొనను బంతికి ఆనించి తోయడం కూడా ఇప్పుడు తప్పే. ఆ తోపుడు ఒకప్పుడు ఆట ఆడే పద్ధతే. పచ్చిక మీద ఆడుకునే ఆటను 15వ శతాబ్దంలో ఐరోపావాళ్లు ఇంట్లోకి, బల్ల మీదికి తెచ్చుకున్నారు. ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ దగ్గర అలాంటి బల్ల ఉండేది. అప్పటికి క్యూ లేదు. చివర వెడల్పాటి చెక్క దిమ్మె ఉన్న ‘మేస్’ అనే కర్రతో బంతిని తోసేవాళ్లు. బంతి అంచు గోడకు ఆనుకుపోతే దిమ్మె అక్కడ పట్టదు. అప్పుడు కర్ర తిరగేసి సన్నటి పిడితో పొడిచేవాళ్లు. 17వ శతాబ్దం చివరికి ఆ పిడే విడి పరికరమై క్యూ అయింది. అయినా బల్ల మీది గుడ్డ చిరుగుతుందని కొత్తవాళ్ల చేతికి చాలాకాలం క్యూ ఇచ్చేవాళ్లు కారు, మేస్‌తోనే సరిపెట్టుకోమనేవాళ్లు. తోయడం, పొడవడం ఒకే బల్ల మీద పక్కపక్కనే సాగాయి.

ఈ రెంటినీ విడదీసింది తోలు ముక్క. 1807 ప్రాంతంలో ఫ్రెంచి సైనికాధికారి ఫ్రాన్స్వా మింగో క్యూ మొనకు తోలు అతికించాడు. దాంతో బంతిని పైన కొట్టి ముందుకు ఉరికించడం, కింద కొట్టి వెనక్కి రప్పించడం ఆటగాడి చేతిలోకి వచ్చాయి. ఆ సుళ్ల లెక్క తేల్చడానికి 1835లో గణితవేత్త కొరియోలిస్ ఒక పుస్తకమే రాశాడు. మన తీరంలో తుపాను గాలులు ఎందుకు సుడి తిరుగుతాయో వివరించేటప్పుడు శాస్త్రవేత్తలు చెప్పే కొరియోలిస్ ఈయనే.

ఒక్క దెబ్బకు ఇంత నేర్పు అవసరమయ్యాక, మొనను బంతికి ఆనించి నెట్టుకుపోవడం నేర్పు లేని పని అనిపించింది. ఇంగ్లిష్ బిలియర్డ్స్‌లో మాత్రం 19వ శతాబ్దం చివరిదాకా అది చెల్లుబాటయింది. 1898లో బ్రిటన్ బిలియర్డ్స్ సంఘం దాన్ని నిషేధించింది. తర్వాత అమెరికాలో ఎయిట్ బాల్, నైన్ బాల్ అనే పూల్ ఆటలు పుట్టి పెరిగాయి. నేటి పూల్ నియమావళిలోనూ మొన ఎక్కువసేపు ఆని ఉన్నా, రెండోసారి తగిలినా ఫౌలే. శిక్ష కూడా పెద్దదే: తెల్ల బంతి ప్రత్యర్థి చేతికి పోతుంది, దాన్ని తనకు నచ్చిన చోట పెట్టుకుని ఆడొచ్చు. ఒక్క ఫౌల్‌తో గేమే పోవచ్చు. అందుకే అంత పట్టుదల.

రిఫరీ లేని ఆటలో దీన్ని తేల్చేదెలా? బంతి నడకే సాక్ష్యం. రెండు బంతుల బరువూ ఇంచుమించు ఒకటే, 170 గ్రాములకు కాస్త అటూ ఇటూ. సూటిగా నడిమధ్యన తగిలితే తెల్ల బంతి తన వేగమంతా ఎదుటి బంతికి ఇచ్చి అక్కడే ఆగాలి. పై దెబ్బ కొట్టి ఉంటే ఒక్క క్షణం తటపటాయించి, సుడి పట్టు దొరికాక ముందుకు కదలాలి. క్యూ బరువు బంతికి మూడింతలు. తెల్ల బంతి ఆగినా క్యూ ఆగదు, వెనకనుంచి మళ్లీ తగులుతుంది. కాబట్టి తెల్ల బంతి తటపటాయింపు లేకుండా ఎదుటి బంతితో పాటే పరుగెత్తితే, అది రెండో దెబ్బ పుణ్యమే. తెల్ల బంతి ఎదుటి బంతిని అంచున ఒరుసుకుంటూ పోతే మాత్రం పక్కకు తప్పుకుంటుంది కనుక ఈ అనుమానం రాదు.

బంతులు నిజంగా ఆనుకునే ఉంటే పూల్‌లో లెక్క మారుతుంది: ఆనిన బంతి వైపే కొట్టొచ్చు. స్నూకర్‌లో అలా కాదు, ఆనిన బంతిని కదిలించకుండా దూరంగా కొట్టాలి. 1875లో జబల్‌పూర్‌లో పుట్టిన ఆ ఆటకు అలవాటుపడినవాళ్లు పూల్ బల్ల దగ్గరికి వచ్చినప్పుడు రేగే సగం గొడవలకు ఈ తేడాయే మూలం. బంతులు ఆనాయా లేదా అన్నది దెబ్బకు ముందే ఇద్దరూ వంగి చూసి ఒప్పుకోవాలి.

అనుమానం ఉంటే కొట్టకముందే ఆట ఆపి, మూడో మనిషిని పిలిచి దగ్గరగా చూడమనాలి. దెబ్బ పడ్డాక పిలిస్తే వచ్చినవాడు చూడనిదాన్ని ఎలా చెబుతాడు? చూసే మూడో మనిషి లేక ఇద్దరి మాటా కలవకపోతే, ఔత్సాహికుల ఆటలో కొట్టినవాడి మాటే నెగ్గుతుంది. ఇది అన్యాయమని చాలామంది వాదిస్తారు కానీ, నాకు మాత్రం ఇదే న్యాయంగా తోస్తుంది. ముందే ఆపి సాక్షిని పిలిపించే హక్కు ప్రత్యర్థికి ఉంది. వాడుకోలేదు. ఇక ఫౌల్ లేనట్టే, ఆట బంతులు ఆగిన చోటనుంచే సాగాలి.