శిష్టులెవరు?

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి కొండల మీది సవరల భాష నేర్చుకున్నారు. సవర తెలుగుకు చుట్టం కూడా కాదు. పుస్తకాల్లేని ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. నోటిమాటకూ నియమం ఉంటుందని ఎరిగిన ఆ మనిషే మైదానంలో గ్రాంథికవాదులతో పోరాడారు. ఇవాళ నేనీ వ్యాసం ఇలా రాస్తున్నానంటే అది ఆయన పుణ్యమే.

కానీ ఆయన కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవాళ్ల వాడుక. ఆ శిష్టులెవరు? చివరికి కృష్ణా, గోదావరి జిల్లాల పైకులాల పలుకే బళ్లోకీ పత్రికల్లోకీ ఎక్కింది. మిగతాదంతా 'యాస' అయిపోయింది.

సవర కొండల వరుసలోనే దక్షిణంగా అరకు లోయ ఉంది. అక్కడి కొండదొరల కుబి భాషకు భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వ్యాకరణం వెలువరించారు. కుబి తెలుగుకు దగ్గరి చుట్టమే. కొండదొరల్లో చాలామంది దాన్ని వదిలి తెలుగులోకి వచ్చేశారు. వచ్చినవాళ్లకు మనమిచ్చిన మర్యాదేమిటి? వాళ్ల తెలుగును 'కొండోళ్ల మాట' అన్నాం. అలా అన్న విశాఖవాడు బెజవాడలో 'గుంటడు' అంటే అక్కడా నవ్వారు. తెలంగాణ పలుకును సినిమాల్లో జోకర్లకిచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయిందంటే, ఆ అవమానానికీ అందులో పాలుంది.

ఇది మనకు కొత్త కాదు. దూదేకుల వాళ్ల ఇంటిభాష తెలుగు. ఉర్దూ రానివాడు ముసల్మానేనా అని తోటి ముస్లిమే వాళ్లను అడుగుతాడు. అలా అడిగినవాడు 'నక్కో' అంటే లక్నోవాడు నవ్వుతాడు. మనం నోరు తెరిస్తే అది 'తురక తెలుగు' అంటారు. మాట ఒకటే, మనిషిని బట్టి దాని విలువ మారుతోంది. పైవాడి చేతిలో పడ్డ మాట కిందివాడి మీద తీర్చుకోవడంలో మనమూ తక్కువ తినలేదు.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కొండ, కువి, సవర, ఆదివాసీ ఒరియాలతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టింది. మంచిపనే. కానీ ఆ పిల్లలు పై తరగతికొచ్చి తమ తెలుగులో జవాబు చెప్పినప్పుడు మేష్టారు ముఖం చిట్లిస్తే, ఆ వాచకాలేం కాపాడతాయి?

ఏటా ఆగస్టు 29న, గిడుగు పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ వేదిక మీద అరకు పిల్లనీ, దూదేకుల పిల్లనీ వాళ్ల మాటల్లోనే మాట్లాడనివ్వండి. దిద్దకండి. నవ్వకండి. వినండి.