రోహిణి కార్తెలో 16 డిగ్రీలు

తలుపు తోయగానే వేడి మీద పడుతుంది. ఇంకా పొద్దున ఆరున్నరే. బయట హైటెక్ సిటీ ఇప్పుడిప్పుడే ఒళ్లు విరుచుకుంటోంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు క్యాబుల్లో మెడలు వాల్చేసి నిద్రపోతున్నారు. టిఫిన్ బండి మీద మొదటి వాయి ఇడ్లీ దిగుతోంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ ఇంకా ఎక్కకముందే ఈ గది ఉడికిపోతోంది.

గోడ పొడవునా మీకంటే ఎత్తైన స్టీలు ట్యాంకులు వరుసగా నిలబడి ఉన్నాయి. అవి ఈ మైక్రోబ్రూవరీ రోజూ అమ్మే బీరువి. మీ పని వాటితో కాదు. మూలన గ్యాస్ పొయ్యి మీద నడుము ఎత్తున ఒక గిన్నె ఉంది చూడండి, దానితో. ఇవాళ అందులో మీరు 20 లీటర్ల పేల్ ఏల్ కాయబోతున్నారు. తేలికైనది, చేదూ తీపీ సమంగా ఉండేది, జర్మన్ పోకడ ఉన్నది.

బ్రూయర్ మీ అరచేతిలో నాలుగు గింజలు పోస్తాడు. "ముందు నమలండి."

పటుక్కున విరుగుతుంది. మొదట పిండి రుచి, ఆ తర్వాత నాలుక చివర సన్నటి తీపి. రాగి మాల్టు తాగి పెరిగినవాళ్లకు ఈ తీపి కొత్త కాదు. బార్లీని నానబెట్టి, మొలక రాగానే వేడిగాలితో ఆరబెడితే వచ్చేది ఇదే. మీ ముందు రెండు సంచులున్నాయి. 4 కిలోల పిల్స్‌నర్ మాల్టు ఎండుగడ్డి రంగులో ఉంది. 400 గ్రాముల మ్యూనిక్ మాల్టు కాస్త ఎక్కువ వేగింది, బ్రెడ్డు పైపెంకు వాసన వేస్తోంది. మరలో పోసి తిప్పుతారు. పొట్టు చిట్లకూడదు, లోపలి పప్పు మాత్రం నలగాలి. భుజం లాగుతోంది. తిప్పండి.

తిప్పుతుండగా మీకో ఆలోచన రాక మానదు. ఇంత చిన్న గిన్నె, ఇంత మామూలు పొయ్యి, ఇది కొండాపూర్‌లో మన ఫ్లాట్‌లోనే చేసుకోవచ్చు కదా? అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, అక్కడున్న మనవాళ్లు గరాజుల్లో నిక్షేపంగా కాచుకుంటున్నారు. ఇక్కడ కుదరదు. 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం, అది గుడుంబా అయినా సరే, మీ ఇంటి బీరు అయినా సరే. 2015లో తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు నియమాలు తెచ్చింది కాబట్టే ఈ గది ఉంది, ఇందులో మీరున్నారు. సొంతానికి, అమ్మకుండా, ఏడాదికి ఇన్ని లీటర్లని హద్దు పెట్టి ఇంటికీ అనుమతి ఇవ్వాలనే నేను కోరుకుంటాను. అది వచ్చేదాకా లైసెన్సు ఉన్న పొయ్యి దగ్గరే నేర్చుకోవాలి.

ఇక నీళ్లు. బ్రూయర్ రెండు గ్లాసులు మీ ముందు పెడతాడు. మొదటిది ఈ కొండరాళ్ల కింద నుంచి తోడిన బోరు నీళ్లు. గుక్క తాగితే నాలుక మీద సుద్దలా తగులుతుంది. రెండోది ఆర్వో నీళ్లు, ఏ రుచీ లేదు. ట్యాంకర్ కోసం అపార్ట్‌మెంట్ గ్రూపులో గొడవపడే మీకు గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పెచ్చులు తెలుసు. ఆ పెచ్చులు కట్టే ఉప్పే హాప్స్ పువ్వుల చేదును గొంతులో గీరుకునేలా మారుస్తుంది. ఆర్వో ఎక్కువగా, బోరు కొద్దిగా కలపండి. పైన 90 గ్రాముల పుల్ల మాల్టు వేయండి. ఇందులో ఒక తమాషా ఉంది. 1516లో బవేరియా పాలకుడు నాలుగో విల్‌హెల్మ్ బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప వేరేవి పడకూడదన్నాడు. ఆ కట్టుబాటును పట్టుకున్న జర్మన్లు, నీటిని సరిచేయడానికి ఆమ్లం పోయకుండా మాల్టునే పులియబెట్టి వాడటం మొదలుపెట్టారు. చింతపండు వాడకుండా పులుసు కాచమంటే మామిడికాయ వెతికినట్టు.

13 లీటర్ల నీళ్లు, 71 డిగ్రీలు. మాల్టు పోస్తూ కలపండి. ఆవిరి ముఖానికి కొడుతుంది, కళ్లద్దాలు మసకబారతాయి. వాసన చెప్పనక్కర్లేదు, చిన్నప్పుడు జ్వరం తగ్గాక అమ్మ కలిపిచ్చిన హార్లిక్స్. థర్మామీటర్ ముల్లు దిగుతోంది. 69. 68. 67. ఇక్కడ నిర్ణయం మీదే. 69 దగ్గర ఆపితే ఈస్టు తినలేని చక్కెరలు మిగిలి బీరు బరువుగా, తియ్యగా ఉంటుంది. 63 దాకా దింపితే ఈస్టు చక్కెరను దాదాపు అంతా తినేసి బీరు పలచగా, పొడిగా తేలుతుంది. మనకు కావలసింది మధ్యది. 66. మూత పెట్టండి. గంట సేపు ముట్టొద్దు.

గంట తర్వాత చెంచాడు తీసి పింగాణీ పళ్లెంలో వేసి, ఒక చుక్క టింక్చర్ అయోడిన్. స్కూల్లో బంగాళదుంప మీద వేసి చూసిందే. నీలంగా మారితే పిండి పదార్థం ఇంకా మిగిలినట్టు. మారలేదు. గోధుమరంగే.

కుళాయి తిప్పండి. తేనెరంగు ధార సన్నగా మొదలవుతుంది. ఐదు లీటర్లు. ఆరు. ధార చిక్కిపోతుంది. చుక్కలు. ఆగిపోయింది.

పిప్పి బిగుసుకుంది. గరిటెతో గట్టిగా పొడవాలనిపిస్తుంది, చెయ్యి లేస్తుంది కూడా.

"జర ఆగుండ్రి," వెనక నుంచి హెల్పర్ గొంతు. "పొడిస్తే ఇంకా బిగుస్తది."

కుళాయి కట్టేయండి. వేడినీళ్లు రెండు లీటర్లు పైనుంచి నెమ్మదిగా పోయండి. అతను గుప్పెడు కడిగిన వరి ఊక తెచ్చి వేస్తాడు. మన రైసు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండేదే. పిప్పి మధ్య సందులు చేస్తుందది, నీటికి దారి దొరుకుతుంది. మెల్లగా కలపండి. పది నిమిషాలు ఊరుకోండి. కుళాయి పావు వంతే తిప్పండి. వచ్చింది. మళ్లీ సన్నటి ధార. పైనుంచి వేడినీళ్లు పోసి కడుగుతూ 25 లీటర్లు పట్టండి. మిగిలిన పిప్పి బర్రెల కొట్టానికి వెళ్తుంది.

ఇప్పుడు మంట పెద్దది చేయండి.

ఇక్కడే జనం కాళ్లూ చేతులూ కాల్చుకునేది. గది ఇప్పుడు నలభై దాటి ఉంటుంది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. గిన్నె అంచుల్లో చిన్న బుడగలు. పైన తెల్లటి నురుగు కమ్ముకుంటోంది. పాలు కాస్తూ ఫోన్ చూసిన ప్రతి ఇంటికీ ఇది తెలుసు. అక్కడ లీటరు పాలు, ఇక్కడ 25 లీటర్ల సలసల కాగే చక్కెర నీళ్లు. ఒంటి మీద పడితే అంటుకుపోతుంది. నురుగు లేస్తోంది. నాలుగు వేళ్ల ఖాళీ ఉంది. మూడు. ఫోన్ మోగుతోంది. చూడకండి. రెండు. మంట తగ్గించండి. ఇంకా లేస్తోంది. ఒకటి. స్ప్రే సీసా. చన్నీళ్లు. కొట్టండి. మళ్లీ. వెనక్కి జరగండి!

కూలింది.

నురుగు లోపలికి దిగిపోయి మరుగు పైకి కనిపిస్తుంది. ఊపిరి వదలండి. మూత మాత్రం పెట్టకండి. పిల్స్‌నర్ మాల్టులోంచి ఉడికిన మొక్కజొన్న పొత్తు వాసన పుడుతుంది. ఆవిరితో అది బయటికి పోవాలి. మూసి మరిగిస్తే గ్లాసులోనే ఉండిపోతుంది.

హాప్స్ పొట్లం విప్పండి. మ్యూనిక్‌కు ఉత్తరాన హాలర్‌టావులో పండిన పువ్వు, గొట్టంలో ఒత్తిన పచ్చటి గుళికలు. వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. ఎండుగడ్డి, మిరియం, ఎక్కడో పూల వాసన. అమెరికన్ హాప్స్‌లా నారింజ తొక్కలతో ముక్కు అదరగొట్టదు ఇది. చేదు కోసం మొదట్లో 50 గ్రాములు. ఆఖరి 15 నిమిషాలు ఉందనగా 20. మంట ఆపాక వాసన కోసం 30. ఇంకో గుప్పెడు వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. కాకరకాయ పులుసులో బెల్లం ఎంతో తెలిసిన చెయ్యి దీన్నీ అర్థం చేసుకుంటుంది.

పదకొండున్నర. ఇప్పుడు చల్లార్చాలి, అదీ త్వరగా. ఇది ఇక మరిగే నీరు కాదు. చల్లారేకొద్దీ తియ్యటి, గోరువెచ్చటి ద్రవం, గాల్లోని ప్రతి సూక్ష్మజీవికీ విందు. రాగి కాయిల్ గిన్నెలో దించి చన్నీళ్లు వదులుతారు. చన్నీళ్లు అన్నది మాట వరసకే, డాబా మీది ట్యాంకు నీళ్లే 35 డిగ్రీలున్నాయి. 80. 60. 45. 39. అక్కడ నిలిచిపోతుంది. కాయిల్‌కు ఐసు నీళ్ల పంపు తగిలించండి. 36. 33. 31.

కరెంటు పోయింది.

పంపు ఆగింది. చీకటి. జనరేటర్ ఎక్కేదాకా ఎవరూ మాట్లాడరు. లైట్లు వస్తాయి, పంపు మాత్రం కదలదు. మోటారు కాలిన వాసన. ముల్లు 31 దగ్గరే. మీ చేతిలో 11 గ్రాముల ఈస్టు పొట్లం ఉంది, కత్తిరించి పోసేయొచ్చు. 31లో ఈస్టు చచ్చిపోదు, పైగా రెచ్చిపోయి పనిచేస్తుంది. ఎండాకాలం ఇడ్లీ పిండి రాత్రికి రాత్రే గిన్నె దాటి పొంగినట్టు. అప్పుడు అరటిపండు వాసన, గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, ఘాటైన ఆల్కహాల్ పుడతాయి. ఆగితే? క్రిమి చేరవచ్చు. పొద్దున్నుంచి పడ్డ కష్టం పుల్లబడవచ్చు.

బ్రూయర్ ఏమీ అనడు. మీ వైపే చూస్తున్నాడు.

ఆగండి. ఇది జర్మన్ నగరం కొలోన్ తరహా ఈస్టు. ఆ ఊళ్లో కోల్ష్ అనే బీరును ఏల్ ఈస్టుతోనే కాస్తారు, పులియబెట్టేది మాత్రం చల్లగా. ఆ తర్వాత వారాల తరబడి ఇంకా చల్లగా ఉంచుతారు. ఇవాళ మనం జర్మన్ల దగ్గర తీసుకున్న అసలు సరుకు మాల్టూ హాప్సూ కాదు, ఈ ఆగడమే. క్రిమిరహితం చేసిన డబ్బాలోకి ద్రవాన్ని దింపండి. మూత బిగించండి. ఫ్రిజ్‌లో పెట్టి కంట్రోలర్‌ను 16కు తిప్పండి.

సాయంత్రం ఆరింటికి రండి. మైండ్‌స్పేస్ నుంచి బళ్లు చీమల బారులా కదులుతుంటాయి. ఫ్రిజ్ తెరిస్తే చలి మోకాళ్లకు తగులుతుంది. 16. వాసన చూడండి. తీపి, హాప్స్. ఇంకేమీ లేదు. ఇప్పుడు కత్తిరించండి. పోయండి.

మర్నాడు మధ్యాహ్నానికి గొట్టంలోంచి మొదటి బుడగ. పది రోజులు 16లో, చివర రెండు రోజులు 18లో, ఆపైన 12 రోజులు 2 డిగ్రీల్లో. హైడ్రోమీటర్ 1.047 దగ్గర మొదలై 1.010 దగ్గర నిలబడింది. ఆల్కహాల్ దాదాపు 4.9 శాతం.

మృగశిర కార్తె. బయట మొదటి చినుకులకు తారు రోడ్డు ఆవిరి కక్కుతోంది. మీ చేతిలో 200 మిల్లీలీటర్ల సన్నటి నిటారు గ్లాసు, కొలోన్‌లో ఇచ్చేంత కొలతే. అందులోంచి అవతలి గోడ మీది గడియారం అంకెలు కనిపిస్తున్నాయి, అంత తేటగా ఉంది. గుక్క వేయండి. బ్రెడ్డు వాసన, చిటికెడు తీపి, వెంటనే చేదు వచ్చి ఆ తీపిని తుడిచేస్తుంది. గొంతులో గీరుకోదు. అరటిపండు లేదు, మొక్కజొన్న లేదు. ఆగినందుకు దక్కిన బీరు ఇది, బాగుంది.

బ్రూయర్ రెండో గ్లాసు నింపుతున్నాడు. మీ జేబులో కారు తాళం తగులుతోంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. మీ రక్తంలో ఎంతుందో నాలుక చెప్పలేదు. తాళం తీసి ఆయన బల్ల మీద పెట్టేయండి. రాయదుర్గం స్టేషన్ నుంచి మెట్రో ఉంది, దానిలో ఇంటికి వెళ్లండి.