సాంకేతిక ప్రాజెక్టుల సమర్థ నిర్వహణ : 'కార్డ్' నుంచి 'భూభారతి' వరకు అనుభవాలు

సమాచార వ్యాసం

ప్రభుత్వ శాఖలు, వ్యాపార సంస్థలు తమ సేవలను కంప్యూటరీకరించేందుకు పెద్ద ఎత్తున నిధులు వెచ్చిస్తున్నాయి. ఈ ప్రాజెక్టులలో కొన్ని ప్రజలకు సత్వర సేవలు అందించగా, మరికొన్ని గడువు మీరి, వ్యయం పెరిగి, చివరకు ప్రజలకు కొత్త ఇబ్బందులు తెచ్చిపెట్టాయి. యంత్రాలు, సాఫ్ట్‌వేర్ సమకూర్చుకోవడం ప్రాజెక్టులో ఒక భాగం మాత్రమే. పనివిధానాన్ని మార్చడం, పాత రికార్డులను సరిచేయడం, చట్టాన్ని సవరించడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, తప్పు దొర్లినప్పుడు దానిని సరిదిద్దే అధికారిని నియమించడం అంతకంటె ముఖ్యమైన పనులని తెలుగు రాష్ట్రాల అనుభవం స్పష్టం చేస్తున్నది. ఈ అంశాలపై అధికారులకు, పాత్రికేయులకు ఉపకరించే వివరాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

రిజిస్ట్రేషన్ల శాఖలో తొలి అడుగు

1990 దశకం చివరి వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో దస్తావేజులను చేతివ్రాతతో పుస్తకాలలోకి నకలు తీసేవారు. ఆస్తి విలువ నిర్ధారణకు, స్టాంపు సుంకం లెక్కింపునకు అధిక సమయం పట్టేది. ఒక ఆస్తిపై ఉన్న లావాదేవీలను తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అనగా ఈసీ, జారీ చేయాలంటే సంవత్సరాల వారీగా సూచిక పుస్తకాలను వెదకవలసి వచ్చేది. ఆస్తి కొనుగోలు చేసే సామాన్యుడు ఈ వ్యవహారాలన్నింటికీ దస్తావేజు లేఖరులపైనా, మధ్యవర్తులపైనా ఆధారపడక తప్పేది కాదు.

ఈ పరిస్థితిని మార్చే ఉద్దేశంతో రిజిస్ట్రేషన్ల శాఖ 'కార్డ్' ప్రాజెక్టును చేపట్టి, 1998లో 200కు పైగా కార్యాలయాలలో అమలులోకి తెచ్చింది. నాడు రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న శ్రీ జె. సత్యనారాయణ ఈ ప్రాజెక్టుకు సారథ్యం వహించారు. విలువ నిర్ధారణ, సుంకం లెక్కింపు, ఈసీ జారీ కంప్యూటర్ ద్వారా జరగడం, చేతివ్రాత నకళ్ల స్థానంలో దస్తావేజులను స్కాన్ చేసి భద్రపరచడం ఇందులో ప్రధానాంశాలు. రోజుల తరబడి సాగే రిజిస్ట్రేషన్ ప్రక్రియను సుమారు గంట వ్యవధిలో పూర్తి చేయడం లక్ష్యంగా నిర్దేశించారు.

ప్రాజెక్టు నిర్వహణ దృష్ట్యా ఇందులో గమనించదగిన విషయాలు మూడు ఉన్నాయి. మొదటిది, ప్రాజెక్టుకు యజమాని సాంకేతిక సంస్థ కాక సేవ అందించే శాఖే కావడం. రెండవది, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చేతివ్రాత పుస్తకాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినందున, కంప్యూటర్ ద్వారా భద్రపరచిన నకలుకు చట్టబద్ధత కల్పించే సవరణ తీసుకురావడం. మూడవది, పాత సూచిక పుస్తకాలలోని వివరాలను ముందుగానే కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఈ మూడవ పని జరగనిదే ఈసీ జారీ అసాధ్యం.

అయితే ఈ ప్రాజెక్టుపై విమర్శలు లేకపోలేదు. కంప్యూటర్లు వచ్చినా మధ్యవర్తుల ప్రమేయం, ముడుపుల బెడద ఆశించిన మేరకు తగ్గలేదని 2004లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ప్రచురితమైన ఒక అధ్యయనం పేర్కొన్నది. కౌంటర్ వెనుక పని వేగవంతమైనంత మాత్రాన కౌంటర్ ముందున్న వ్యక్తి అనుభవం మారుతుందని భావించరాదని దీనివల్ల అవగతమవుతుంది. ప్రాజెక్టు ఫలితాన్ని యంత్రాల సంఖ్యతో గాక, పౌరునికి పట్టిన సమయంతో, అయిన ఖర్చుతో కొలవవలసిన ఆవశ్యకతను ఇది తెలియజేస్తున్నది.

ఈసేవ, మీసేవ

వివిధ శాఖల సేవలను ఒకేచోట అందించే ప్రయత్నం 1999 డిసెంబరులో హైదరాబాద్‌లో 'ట్విన్స్' పేరిట ప్రయోగాత్మకంగా మొదలయింది. ఆ అనుభవం ఆధారంగా 2001 ఆగస్టు 25న 'ఈసేవ' ప్రారంభమయింది. విద్యుత్, నీటి బిల్లులు, పన్నుల చెల్లింపు వంటి సేవలను ఏ కౌంటర్‌లోనైనా పొందగలగడం దీని ప్రత్యేకత. ప్రైవేటు భాగస్వామికి యంత్రాల సరఫరాకు గాక, జరిగిన లావాదేవీల సంఖ్యను బట్టి చెల్లింపులు జరిపే పద్ధతి అనుసరించారు. తద్వారా సేవ నిరంతరాయంగా సాగడంలోనే భాగస్వామి ప్రయోజనం కూడా ఇమిడి ఉన్నది.

బిల్లుల చెల్లింపు కంటె ధ్రువపత్రాల జారీ క్లిష్టమైన పని. పత్రంపై అధికారి సంతకం తప్పనిసరి అయినంత కాలం పౌరుడు కార్యాలయానికి వెళ్లక తప్పదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత కల్పించింది. దాని ఆధారంగా 2011 నవంబరులో 'మీసేవ' రూపుదిద్దుకున్నది. అధికారులు డిజిటల్ సంతకం చేసిన రికార్డుల నుంచి అడంగల్, ఈసీ వంటి పత్రాలను కేంద్రంలోనే ముద్రించి ఇచ్చే వెసులుబాటు కలిగింది. 2014 జూన్ 2న రాష్ట్ర విభజన అనంతరం ఉభయ రాష్ట్రాలూ ఈ సేవలను కొనసాగించాయి. ప్రయోగాత్మక కేంద్రం నుంచి రాష్ట్రవ్యాప్త సేవకు చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. ప్రతి దశలోనూ ముందటి దశ అనుభవం ఉపయోగపడింది.

రికార్డులే పునాది

కంప్యూటర్ వ్యవస్థ తనలోకి ఎక్కించిన రికార్డుకు మించి సత్యాన్ని చెప్పలేదు. భూమి రికార్డుల విషయంలో ఈ అంశం రైతు జీవనాధారంతో ముడిపడి ఉన్నది.

తెలంగాణలో 2017 సెప్టెంబరులో భూ రికార్డుల శుద్ధీకరణ కార్యక్రమం ప్రారంభమయింది. ఆ వివరాల ఆధారంగా 2020 అక్టోబరు 29న 'ధరణి' పోర్టల్ అమలులోకి వచ్చింది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేసారి తహసీల్దార్ కార్యాలయంలో పూర్తి కావడం ఇందులోని సౌలభ్యం. కాగా, విస్తీర్ణంలో తేడాలు, పేర్లలో తప్పులు, పట్టా భూములు నిషేధిత జాబితాలో చేరడం వంటి ఫిర్యాదులు పెద్ద సంఖ్యలో వచ్చాయి. 2020 చట్టం రెవెన్యూ కోర్టులను రద్దు చేసినందున, రికార్డును సరిచేయించుకొనే మార్గం రైతుకు కష్టతరమయింది. సవరణ అధికారాలు చాలావరకు కలెక్టర్ స్థాయిలో కేంద్రీకృతం కాగా, 2024లో వాటిని దిగువ స్థాయి అధికారులకు వికేంద్రీకరించారు. అదే సంవత్సరం చివరలో పోర్టల్ నిర్వహణ బాధ్యత ప్రైవేటు సంస్థ నుంచి జాతీయ సమాచార కేంద్రానికి బదిలీ అయింది.

అనంతరం 'భూభారతి' చట్టం రూపొందింది. రికార్డులలోని లోపాలపై అప్పీలు చేసుకొనే అవకాశాన్ని ఈ చట్టం తిరిగి కల్పించింది. 2025 ఏప్రిల్ 14న పోర్టల్ ప్రారంభమై, తొలుత నాలుగు మండలాలలో ప్రయోగాత్మకంగా అమలయింది. జూన్‌లో మండలాలలో రెవెన్యూ సదస్సులు నిర్వహించి దరఖాస్తులు స్వీకరించారు. లావాదేవీ ఎంత వేగంగా పూర్తయినా, తప్పును సరిదిద్దే దారి లేనిచో ఆ వేగం పౌరునికి మేలు చేయదన్నది ఇందులోని ప్రధాన పాఠం.

పొరుగు రాష్ట్రమైన కర్ణాటకలో 'భూమి' ప్రాజెక్టు కింద సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటరీకరించి, చేతివ్రాత పహాణీల చెల్లుబాటును రద్దు చేశారు. పాత, కొత్త విధానాలు చిరకాలం పక్కపక్కనే కొనసాగితే రెండు రికార్డుల మధ్య పొంతన ఉండదు. అదే సమయంలో, కొత్త రికార్డు సరైనదని నిర్ధారించుకోకుండా పాతదానిని రద్దు చేయడమూ ప్రమాదకరమే.

విదేశీ అనుభవాలు

అమెరికాలో ఆరోగ్య బీమా నమోదు కోసం రూపొందించిన 'హెల్త్‌కేర్ డాట్ గవ్' వెబ్‌సైట్ 2013 అక్టోబరు 1న ప్రారంభమయింది. తొలిరోజున నమోదు పూర్తి చేసుకోగలిగినవారు ఆరుగురు మాత్రమే. అనేక కాంట్రాక్టు సంస్థలు పనిచేసినప్పటికీ, వాటన్నింటినీ సమన్వయపరిచే స్పష్టమైన నాయకత్వం కొరవడినదనీ, ఆద్యంత పరీక్షలు పూర్తికాలేదనీ తదుపరి విచారణలలో వెల్లడయింది. సమర్థుడైన నిర్వాహకునికి పూర్తి బాధ్యత అప్పగించిన తరువాత కొద్ది వారాలలోనే పరిస్థితి మెరుగుపడింది.

వ్యాపార రంగంలో బ్రిటన్‌కు చెందిన టీఎస్‌బీ బ్యాంకు ఉదంతం ప్రస్తావించదగినది. 2018 ఏప్రిల్‌లో ఈ బ్యాంకు తన ఖాతాదారుల వివరాలను ఒకే వారాంతంలో కొత్త వ్యవస్థకు తరలించింది. ఫలితంగా సుమారు 19 లక్షల మంది తమ ఖాతాలను వినియోగించుకోలేకపోయారు. నియంత్రణ సంస్థలు 2022 డిసెంబరులో బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. సరఫరాదారు సంసిద్ధతను సరిగా నిర్ధారించుకోలేదన్న కారణంగా 2023లో అప్పటి సాంకేతిక విభాగాధిపతికి కూడా వ్యక్తిగతంగా జరిమానా పడింది. పని వేరొక సంస్థకు అప్పగించినా, బాధ్యత అప్పగించినట్లు కాదని ఈ నిర్ణయం స్పష్టం చేస్తున్నది.

అధికారులు దృష్టిలో ఉంచుకోవలసిన అంశాలు

1. ప్రాజెక్టుకు సేవ అందించే శాఖ నుంచి ఒకే ఒక బాధ్యుడైన అధికారి ఉండాలి. తరచూ బదిలీలు జరగకుండా చూడాలి.

2. సాఫ్ట్‌వేర్ రూపొందించే ముందే అనవసరమైన దరఖాస్తులు, సంతకాలు, దశలను తొలగించాలి. లోపభూయిష్టమైన విధానాన్ని యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కించరాదు.

3. రికార్డుల శుద్ధికి ప్రత్యేకంగా సమయం, సిబ్బంది, నిధులు కేటాయించాలి. నమోదైన వివరాలను సంబంధిత పౌరులకు చూపి సరిచూసుకోవాలి.

4. పట్టణ, గ్రామీణ ప్రాంతాలు రెండింటిలోనూ ప్రయోగాత్మకంగా అమలు జరిపి, వచ్చిన ఫిర్యాదులను పరిష్కరించిన మీదటే విస్తరించాలి. ప్రారంభ తేదీని పరీక్షల ఫలితం నిర్ణయించాలి.

5. ఒప్పందంలో సేవా ప్రమాణాలు, జరిమానాలు, డేటాపైనా సోర్స్ కోడ్‌పైనా శాఖ హక్కులు, నిర్వహణ సంస్థ వైదొలగేటప్పుడు అప్పగింత విధానం స్పష్టంగా పేర్కొనాలి.

6. వెబ్‌సైట్ ప్రారంభానికి ముందు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన సంస్థలచే భద్రతా తనిఖీ జరిపించాలి. పౌరుల వ్యక్తిగత వివరాల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టాన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

7. తప్పులు సరిదిద్దే అధికారం పౌరునికి అందుబాటులో ఉన్న స్థాయిలో, నిర్ణీత గడువుతో ఉండాలి. ఆపై అప్పీలుకు అవకాశం కల్పించాలి.

పాత్రికేయులకు ఉపకరించే ప్రశ్నలు

ప్రారంభోత్సవ సమయంలో వెలువడే కేంద్రాల సంఖ్య, వ్యయం వంటి వివరాలు ప్రాజెక్టు పనితీరును పూర్తిగా తెలుపవు. సేవ పొందడానికి పౌరుడు ఇంతకుముందు ఎన్నిసార్లు కార్యాలయానికి వెళ్లేవాడు, ఇప్పుడు ఎన్నిసార్లు వెళ్తున్నాడు? గడువులోగా పరిష్కారమైన దరఖాస్తులెన్ని, తిరస్కరించినవెన్ని? తిరస్కరణకు కారణం దరఖాస్తుదారునికి తెలియజేస్తున్నారా? సర్వర్ పనిచేయని రోజున ప్రత్యామ్నాయం ఏమిటి? రికార్డులో పేరు తప్పుగా ఉంటే ఎవరిని ఆశ్రయించాలి? ఆరు నెలలు, ఏడాది గడిచిన తరువాత మరల ఇవే ప్రశ్నలు అడిగినప్పుడు ప్రాజెక్టు వాస్తవ స్థితి వెల్లడవుతుంది.

2006 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళిక కూడా సేవలు సామాన్యునికి తన ప్రాంతంలోనే, భరించగల ఖర్చుతో, పారదర్శకంగా అందాలని నిర్దేశించింది. కొత్త సాంకేతిక ప్రాజెక్టులకు ప్రతిపాదనలు రూపొందించే శాఖలు ఈ లక్ష్యాన్ని కొలమానంగా స్వీకరించి, రికార్డుల శుద్ధికి, తప్పుల సవరణకు సాఫ్ట్‌వేర్‌తో సమానమైన ప్రాధాన్యం ఇవ్వవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.